పాడేవాళ్లు సరే, వినేవాళ్లేరీ?

పెద్దవాళ్లకీ పిల్లలకీ పొసగడం లేదన్న మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు 'శంకరాభరణం' పేరెత్తుతారు. "తాతనీ మనవణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టిన సినిమా అండీ అది!" అంటారు. కాదనను. 1980లో వచ్చిన ఆ చిత్రం మహదేవన్‌కీ, బాలుకీ, వాణీ జయరాంకీ జాతీయ బహుమతులు తెచ్చింది. త్యాగరాజ కీర్తన అంటే ఆవులించే కుర్రకారు చేత కూడా రాగాలు తీయించింది. హాల్లో తరాలు కలిశాయి, సరే. మరి తెరమీద కలిశాయా?

శాస్త్రిగారి ఇంటి ముందు కుర్రాళ్లు రాత్రిపూట పాశ్చాత్య సంగీతంతో గోల చేసే ఘట్టం గుర్తుందిగా? ఆయన బయటికొచ్చి, వాళ్ల స్వరాలు వాళ్లకే తిరిగి పాడి వినిపిస్తాడు. తన స్వరాలు పాడమంటే వాళ్లు నోళ్లు వెళ్లబెడతారు. మనమంతా చప్పట్లు కొట్టిన చోటు అదే. కానీ ఆలోచించండి. ఆయన వాళ్ల పాట అంత శ్రద్ధగా విన్నది ఎందుకూ? ఓడించడానికి! ఆ కుర్రాళ్లు తలలు వంచుకుని వెళ్లిపోయారే గాని, మర్నాడు వచ్చి ఆయన అరుగు మీద కూర్చోలేదు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు గెలిచే వాదనలన్నీ ఇలాంటివే కదూ?

ఆ సినిమాలో అసలు వంతెన వేసింది తులసి. లోకం వేలెత్తి చూపిన ఆడది, తన కొడుకుని తీసుకొచ్చి ఆయన దగ్గర శిష్యుడిగా చేర్చింది. ఆఖరి కచేరీలో గురువు గొంతు ఆగిపోతే ఆ పసివాడు పాట అందుకున్నాడు. రోజూ పక్కన కూర్చుని విన్నవాడు గనకే అందుకోగలిగాడు. నాకున్న ఫిర్యాదల్లా ఒక్కటే. ఇంత చేసిన తులసికి విశ్వనాథ్ గారు నోరారా నాలుగు మాటలు మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. శాస్త్రిగారిని చనువుగా దెప్పగలిగింది స్నేహితుడు మాధవయ్య ఒక్కడే.

ఈ లోటు ఆయనకే తోచిందో ఏమో, 1992లో 'స్వాతికిరణం' తీశారు. నన్నడిగితే అదే గొప్ప సినిమా. అందులో అనంతరామశర్మ మహా విద్వాంసుడే. కానీ శిష్యుడు గంగాధరం గొంతులోని కొత్తదనం చెవిన పడేసరికి అసూయతో దహించుకుపోతాడు. "బాగా పాడావురా" అన్న ఒక్క మాట ఆయన నోట రాదు. ఆ మాట కరువై పసివాడు ప్రాణమే తీసుకున్నాడు. పిల్లవాడి పాటనూ, భర్త మనసులోని విషాన్నీ కూడా విన్న మనిషి ఆ ఇంట్లో శారద ఒక్కతే. ఒకే ఇల్లు, ఒకే సంగీతం, ఒకే రాగం! అయినా ఇద్దరి మధ్యా అంత దూరం. పాట ఒక్కటే తరాలను కలుపుతుందనే వాళ్లకి ఈ సినిమాయే జవాబు.

అన్నట్టు, రెండు సినిమాల్లోనూ ఆ పిల్లల గొంతు వాణీ జయరాందే. 2023 ఫిబ్రవరిలో విశ్వనాథ్ గారు పోయిన రెండు రోజులకే ఆవిడా వెళ్లిపోయారు.

ఒకప్పుడు ఇంటికంతటికీ ఒకటే రేడియో. పొద్దున్నే భక్తిరంజని మామగారి కోసం, మధ్యాహ్నం సినిమా పాటలు మన కోసం. ఇష్టమున్నా లేకున్నా ఒకరిది ఒకరు వినేవాళ్లం. "ఆ గోల కట్టెయ్యవే" అన్న కసురు కూడా మాటే! ఇప్పుడు ఎవరి సెల్లు వారిది, ఎవరి చెవులు వారివి. పోట్లాటలు తగ్గాయి, మాటలూ తగ్గాయి.

కాబట్టి ఈసారి 'శంకరాభరణం' పెట్టి పిల్లల్ని పక్కన కూర్చోమనే ముందు, వాళ్ల చెవుల్లో మోగుతున్నదేమిటో ఒకసారి అడిగి వినండి. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, ఫరవాలేదు. వాళ్లెందుకు నచ్చిందో చెప్పడం మొదలుపెడతారు. మనకి కావలసింది అదేగా!