కూడితే కుదరదు

సరూప పటాల పాఠం మొదలుపెట్టే రోజున నేను బోర్డు మీద త్రిభుజాలు గీయను. ఫొటో స్టూడియో సైజుల్లో మూడు కాయితాలు కత్తిరించి పిల్లల చేతికిస్తాను: 4×6, 5×7, 8×12 అంగుళాలు. మొదటిదాన్ని ఆకారం చెడకుండా పెద్దది చేస్తే మిగతా రెండింటిలో ఏది వస్తుందని అడుగుతాను.

ఎక్కువమంది 5×7నే చూపిస్తారు. కారణమూ చెబుతారు: ‘‘రెండు వైపులా ఒక్కో అంగుళం పెరిగింది కదా సార్!’’ వాళ్ళకు అంతవరకూ పెరగడమంటే కూడికే మరి. అది తప్పని వాదించడం కన్నా ఇంకో కాయితం అందించడం మేలు. 1×3 పట్టీ ఇచ్చి, దానికీ రెండు వైపులా ఒక్కో అంగుళం కలపమంటాను. 2×4 అవుతుంది. సన్నటి పట్టీ కాస్తా బొద్దుగా తయారయ్యేసరికి, ‘‘ఇది అది కాదు సార్’’ అని వాళ్ళే అంటారు.

అప్పుడు చెబుతాను: ప్రతి భుజాన్నీ ఒకే సంఖ్యతో గుణించాలి. ఆ సంఖ్యే స్కేల్ ఫ్యాక్టర్. కోణాల జోలికి మాత్రం అది పోదు. 4, 6లను రెండుతో గుణిస్తే 8×12, మూడుతో గుణిస్తే 12×18. నాలుగును ఐదు చేయాలంటే 1.25తో గుణించాలి, దాంతో ఆరు ఏడున్నర కావాలి. స్టూడియో కాయితం ఏడు దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన అరంగుళం కత్తిరింపులో పోతుంది. పెళ్ళి ఫొటోలో చివర నిలబడ్డ బాబాయి భుజం ఎందుకు తెగిందో అప్పుడు అర్థమవుతుంది.

అసలు చిక్కు వైశాల్యం దగ్గర వస్తుంది. భుజాలు రెండింతలైతే కాయితం నాలుగింతలు పడుతుంది: 24 చదరపు అంగుళాలు కాస్తా 96. మరి కాయితం సరిగ్గా రెండింతలే కావాలంటే? జవాబు జిరాక్స్ షాపులో ఉంది. ఏ4ను ఏ3 చేయడానికి అక్కడ పెట్టేది 200 శాతం కాదు, 141. ఎందుకంటే 1.41ని 1.41తో గుణిస్తే దాదాపు రెండు. 210 మిల్లీమీటర్ల వెడల్పు 297 అవుతుంది, 297 పొడవు 420 అవుతుంది. ఏ4ను మధ్యకు మడిచినా అదే ఆకారం వస్తుంది. 1922లో జర్మనీలో ప్రమాణంగా పెట్టుకున్న ఈ కొలతల కిటుకంతా ఇదే. ఇది విన్నాక పిల్లలు నోటుపుస్తకాల్లోంచి కాయితాలు చింపి మడవడం మొదలుపెడతారు. నేను వద్దనను.

సూత్రం ముందు చెబితే పిల్లలు అందులో అంకెలు వేసి మార్కులు తెచ్చుకుంటారు. ముందు ఊహించనిస్తే, ఊహ ఎక్కడ తప్పిందో వెతుక్కుంటారు. ఆ వెతుకులాటకు ఒక పీరియడంతా పోయినా నాకు బెంగ లేదు.

మీ ఇంట్లో ఏడో ఎనిమిదో చదివే పిల్లలుంటే ఈ ఆదివారం ఒక ప్రశ్న వేయండి. మేడ మీది నీళ్ళ ట్యాంకును ప్రతి కొలతా రెండింతలు చేసి కడితే ఎన్ని రెట్ల నీళ్ళు పడతాయి? రెండంటే పొడవు దగ్గరే ఉన్నారు. నాలుగంటే కాయితం దాకా వచ్చారు. ఎనిమిదంటే, ఎందుకో కూడా అడగండి.