పొడుపుకథా, క్విజ్ ప్రశ్నా: జవాబుకు సాక్ష్యం ఎక్కడుంది?

కొన్నేళ్ళ కిందట ఒక కళాశాలలోని తెలుగు సంఘం వారు క్విజ్ పోటీ పెట్టి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. "భాషా ప్రాతిపదికమీద ఏర్పడిన మొదటి రాష్ట్రం ఏది?" అన్నది ఒక ప్రశ్న. బరంపురంనుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి "ఒడిశా, 1936" అంది. నా చేతిలోని కార్డుమీద "ఆంధ్ర, 1953" అని ఉంది. తప్పు వేశాను. పోటీ ముగిశాక ఆ అమ్మాయి దగ్గరకు వచ్చి, "మా బడి పుస్తకంలో అలాగే ఉందండీ" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళి ఆలోచిస్తే నా తప్పు నాకు తెలిసింది. ఒరియా మాట్లాడేవారి కోసమని 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అందులో చేరాయి. తెలుగువారి కుటుంబాలు అనేకం అలాగే ఆ రాష్ట్రంలో ఉండిపోయాయి. ఆంధ్రరాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. స్వతంత్ర భారతంలో భాష ఆధారంగా ఏర్పడిన మొదటి రాష్ట్రం అదే. రెండు జవాబులకూ మధ్య ఉన్నది "స్వతంత్ర భారతంలో" అనే రెండు మాటలు. అవి ప్రశ్నలో లేవు. లేని మాటలకు ఆ అమ్మాయి మార్కులు పోగొట్టుకుంది.

అప్పటినుంచి జనరల్ నాలెడ్జి పుస్తకాలనూ పొడుపుకథల సంకలనాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవడం అలవాటైంది. ఒకటి పాండిత్యానికి, ఒకటి పిల్లల కాలక్షేపానికి అని మనం అనుకుంటాం. ప్రశ్న అడిగే పద్ధతి దృష్ట్యా చూస్తే మన మామ్మలు వేసిన పొడుపుకథే ఎక్కువ శాస్త్రీయంగా ఉందని నాకనిపిస్తుంది. కారణాలు చెప్తాను.

ముందు పేరు సంగతి చూద్దాం. పొడుపు అనే మాటకు మూలం "పొడుచు" ధాతువు. గుచ్చడం ఒక అర్థం. పొద్దుపొడుపు అన్నప్పుడు ఉదయించడం మరొక అర్థం. జవాబు చెప్పడాన్ని విప్పడం అంటాం, విడుపు అంటాం. తమిళంలో దీన్నే "విడుకదై" అంటారు. అంటే విడుపుకథ. తెలుగు ఈ ప్రక్రియకు మొదటి కొసను పట్టుకుని పేరు పెట్టింది, తమిళం చివరి కొసను పట్టుకుని పెట్టింది. రెండు భాషలూ ఒప్పుకున్న విషయం ఒకటుంది: ముడి వేసినవాడికి ముడి విడిపోయేలా వేసే బాధ్యత ఉంది.

ఆ బాధ్యత ఎలా నెరవేరుతుందో ఒక ఉదాహరణలో చూడవచ్చు. "ఎర్రటి పండు, ఈగైనా వాలదు." జవాబు నిప్పు. పొడుపుకథలో ఒకటో అంతకన్నా ఎక్కువో వర్ణనాంశాలుంటాయి, వాటిలో ఒక జంట పరస్పరం విరుద్ధంగా ఉండవచ్చు, ఆ వర్ణనకు లక్ష్యమైన వస్తువును ఊహించాలి అని 1963లో రాబర్ట్ జార్జెస్, అలన్ డండెస్ అనే జానపద శాస్త్రజ్ఞులు నిర్వచించారు. మన ఉదాహరణ ఈ నిర్వచనానికి సరిగ్గా సరిపోతుంది. పండు అన్నాక ఈగ వాలాలి, ఇక్కడ వాలడం లేదు. విరోధం అక్కడుంది. నిప్పు అనగానే విరోధం పోతుంది. ఎర్రగా ఉందా? ఉంది. పండులా కనిపిస్తుందా? కణకణలాడే బొగ్గును చూస్తే కనిపిస్తుంది. ఈగ వాలుతుందా? వాలదు. విన్నవాడు తనంతట తానే సరిచూసుకోగలడు. ఎవరి చేతిలోనూ కార్డు ఉండనక్కరలేదు. జవాబుకు సాక్ష్యం ప్రశ్నలోనే ఉంది.

ఇందులో భాష పని కూడా ఉంది. ఎ, ఈ అచ్చులకు తెలుగు ఛందస్సులో యతిమైత్రి చెల్లుతుంది. ఛందస్సు పేరైనా వినని పల్లెటూరి ఇల్లాలు "ఎర్రటి" పక్కన "ఈగ"ను పెట్టింది. దోమను పెట్టలేదు. "తోకలేని పిట్ట తొంభై ఆమడ పోతుంది" అన్న ఉత్తరం పొడుపులో తొంభై అన్న అంకె దూరాన్ని కొలిచి పెట్టింది కాదు, తోకకు జోడుగా వచ్చింది. ఇది తెలియక ఆ అంకెకు చారిత్రక కారణం వెతికితే పొరపడతాం.

రెండు భాషల మధ్య పెరిగే మీవంటి విద్యార్థులకు పొడుపుకథ ఇంకో రకంగా కూడా పనికొస్తుంది. ఏది భాష దాటుతుంది, ఏది దాటదు అని పరీక్షించే గీటురాయి అది. అక్షరాలమీద మనకొక పొడుపు ఉంది: చేత్తో చల్లుతాం, నోటితో ఏరుకుంటాం. ఇటలీలోని వెరోనా నగరపు ప్రాచీన గ్రంథాలయంలో 1924లో స్కియాపరెల్లి అనే పండితుడు ఒక లిఖితప్రతిలో ఇలాంటిదే గుర్తించాడు. తెల్లని పొలం దున్ని నల్లని విత్తనం చల్లారన్నది అందులోని భావం. 8వ శతాబ్దం చివరనో 9వ శతాబ్దం తొలినాళ్ళలోనో రాసిన రాత అది. ఒకరినుంచి మరొకరు తీసుకున్నారనడానికి ఆధారం అక్కరలేదు. పొలమూ కాగితమూ రెండూ ఉన్నచోట ఈ పోలిక ఎవరికైనా తడుతుంది. కాకపోతే వెరోనావాడు విత్తడంతో ఆగాడు, మనవాళ్ళు నోటితో పంటను కూడా ఏరించారు. రాసింది పైకి చదివే అలవాటు ఆ మాటలో కనిపిస్తుంది.

ఊహమీద ఆధారపడిన పొడుపు అలా దేశాలు దాటుతుంది. శబ్దంమీద ఆధారపడింది పక్క ఊరికైనా దాటదు. తరగతికోసం నేనే ఒకటి కట్టాను: "పొయ్యిమీద పెడితే పొంగేవి, అన్నదమ్ములు విడిపోతే పంచుకునేది." జవాబు పాలు. క్షీరమైతే బహువచనం, వాటా అయితే ఏకవచనం కాబట్టి క్రియలు రెండు రకాలుగా పెట్టవలసివచ్చింది. తమిళ విద్యార్థులు దీన్ని సులభంగానే విప్పారు. తమిళంలోనూ "పాల్" అంటే పాలే. భాగం, తరగతి అనే అర్థాలు కూడా ఆ మాటకు ఉన్నాయి. ఆణ్‌పాల్, పెణ్‌పాల్ అనే వ్యాకరణ పదాల్లో ఉన్నది ఆ రెండో పాల్. కన్నడ విద్యార్థులు మాత్రం తెల్లబోయారు. పాత కన్నడంలో మాట మొదట ఉన్న పకారం తర్వాతి కాలంలో హకారమైంది. మన పులి వారికి హులి, తమిళుల పత్తు వారికి హత్తు. అలాగే క్షీరం హాలు అయింది. వాటా మాత్రం పాలుగానే ఉండిపోయింది. ఒక్క ధ్వని మారేసరికి శ్లేష విరిగింది. నేను అరగంట చెప్పే ధ్వని పరిణామ సూత్రం ఆ రోజు అరనిమిషంలో వాళ్ళకు బోధపడింది.

ఇప్పుడు క్విజ్ పుస్తకాల దగ్గరికి వద్దాం. వాటిలో తప్పులున్నాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. తప్పులు దిద్దవచ్చు. ప్రశ్నలోనే లోపం ఉంటే దిద్దడానికి పట్టు దొరకదు. "ద్రావిడ భాషలు ఒకే కుటుంబానివని గుర్తించింది ఎవరు?" కార్డుమీద జవాబు సాధారణంగా కాల్డ్వెల్. ఆయన తులనాత్మక వ్యాకరణం 1856లో వచ్చింది, ద్రావిడ అనే పేరును శాస్త్రంలో స్థిరపరిచింది అదే. దానికి 40 ఏళ్ళ ముందే, 1816లో, మద్రాసులో ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ ఈ భాషల బంధుత్వాన్ని ఆధారాలతో నిరూపించాడు. ఎక్కడ? ఎ. డి. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన ఉపోద్ఘాతంలో. తెలుగు సంస్కృతంనుంచి పుట్టింది కాదని అక్కడ వాదించాడు. "గుర్తించింది" అంటే ఎల్లిస్, "పేరు పెట్టి సమగ్రంగా వ్యాకరణం రాసింది" అంటే కాల్డ్వెల్. క్రియ సరిగా ఎంచుకోకపోవడంవల్ల ఒక మనిషి చరిత్రలోంచి జారిపోయాడు. తెలుగు విద్యార్థికి అందవలసిన సమాచారం తెలుగు విద్యార్థికే అందలేదు.

యానాం విద్యార్థులకు ఇలాంటిదే ఒకటి బాగా తెలుసు. "యానాం భారతదేశంలో ఎప్పుడు కలిసింది?" ఫ్రెంచి పాలన అక్కడ అంతమైంది 1954 జూన్ 13న. ఫ్రెంచి స్థావరాల పరిపాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది 1954 నవంబరు 1న. చట్టరీత్యా విలీనం పూర్తయింది 1962 ఆగస్టు 16న. మూడూ నిజమే. కలవడమంటే ఏమిటో ప్రశ్న చెప్పలేదు. ఇక "ప్రాచీన భాష హోదా పొందిన భాషలెన్ని?" అన్న ప్రశ్నకు తేదీ లేకపోతే జవాబే లేదు. 2004లో తమిళంతో మొదలై, 2008లో తెలుగు, కన్నడం, 2014లో ఒడియా వంటివి చేరుతూ వచ్చి, 2024లో మరాఠీతోసహా మరి అయిదు చేరి మొత్తం 11 అయ్యాయి. పాత పుస్తకం చదివిన పిల్లవాడు తెలివితక్కువవాడు కాడు.

పొడుపుకథల సంకలనాలను పూర్తిగా మెచ్చుకోవడమూ న్యాయం కాదు. చాలావాటిలో పొడుపు పక్కనే విడుపు అచ్చువేస్తారు. ఆలోచించడానికి క్షణమైనా వ్యవధి ఉండదు. ఏ ఊళ్ళో, ఎవరి నోట విన్నారో రాయరు. అందువల్ల హోసూరు తెలుగులో విన్నదీ గోదావరి తీరంలో విన్నదీ ఒకే మూసలో పడిపోతాయి. మాండలిక రూపాలు "దిద్దబడి" మాయమవుతాయి. "నల్లకుక్కకు నాలుగు చెవులు" అన్నదాన్ని లవంగం అని విప్పి వదిలేస్తారు. ఆ లవంగం పుట్టిల్లు ఇండోనేషియాలోని మలుకు దీవులనీ, సముద్రాలు దాటి వచ్చిన సరుకు మన వంటింట్లో కుక్కపిల్లంత చనువు సంపాదించిందనీ ఒక్క మాట చేర్చితే అదే భూగోళ పాఠం అవుతుంది.

క్విజ్ మానేయమని నేను అనడం లేదు. తేదీలు, పేర్లు పొడుపుకథ మోయలేదు. సంవత్సరాన్ని ఊహించి చెప్పలేం, తెలుసుకోవలసిందే. అయితే క్విజ్ రాసేవారు పొడుపుకథ దగ్గర నేర్చుకోదగ్గది ఉంది. ప్రశ్న విన్నవాడికి దాన్ని సరిచూసుకునే ఆధారం ప్రశ్నలోనే ఇవ్వాలి. ఎక్కడ, ఎప్పటికి, ఏ అర్థంలో అన్న మూడు సంగతులు అందులో ఉండాలి. న్యాయనిర్ణేత కార్డును కాక జవాబును చూడాలి. పొడుపుకథలో ఈ సంగతి పల్లె జనానికి తెలుసు. తోకలేని పిట్టకు ఈనాటి కుర్రవాడు సెల్‌ఫోను సందేశం అని విప్పితే అమ్మమ్మ నవ్వి ఒప్పుకుంటుంది. తోక లేదు, దూరం పోతుంది. సరిపోయింది కదా!

ఈ సెలవుల్లో ఇళ్ళకు వెళ్ళినప్పుడు మీరు రెండు పనులు చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఒక పొడుపుకథ విని, వాళ్ళు అన్నది అన్నట్టుగా, ఊరు పేరుతో రాసుకోండి. పక్కింటి కన్నడం, తమిళం, మరాఠీ లేదా ఒడియా వాళ్ళకు దాన్ని చెప్పి విప్పగలరేమో చూడండి. విప్పలేకపోతే ఏ మాట దగ్గర ఆగారో గుర్తుపెట్టుకోండి. రెండోది, మీ బడి పుస్తకంలోని ఒక జనరల్ నాలెడ్జి ప్రశ్న తీసుకుని, దానికి మరో రాష్ట్రపు పుస్తకంలో వేరే జవాబు ఉందేమో వెతకండి. ఉంటే, రెండు జవాబులకూ చోటు తెలిసేలా ఆ ప్రశ్నను తిరగరాయండి.

నేను మొదట చెప్పిన ప్రశ్నను తిరగరాసి ఇప్పుడు తరగతిలో ఇలా అడుగుతున్నాను: "భాష ఆధారంగా 1936లో ఒక ప్రావిన్సు, స్వాతంత్ర్యం వచ్చాక 1953లో ఒక రాష్ట్రం ఏర్పడ్డాయి. అవి ఏవి? ఆ రెండింటిలోనూ తరతరాలుగా తెలుగువారున్న ఊళ్ళు మీకెన్ని తెలుసు?" రెండో సగానికి నా దగ్గర కార్డు లేదు. బరంపురం, పర్లాకిమిడి అంటూ పిల్లలు చెప్పుకుపోతుంటే రాసుకుంటున్నాను.