గాలితో నీళ్లు తోడిన పనితనం

రోటర్‌డామ్ రేవులో క్రూయిజ్ ఓడ ఎక్కబోయేవాళ్లకు ముందు ఒకటో రెండో రోజులు చేతిలో మిగులుతాయి. యూరప్‌లో ఉద్యోగం చేసుకునే పిల్లలు అమ్మానాన్నలను పిలిపించుకుని ఓడ టికెట్లు కొనిపెట్టే కాలం ఇది. నిజామాబాద్, బోధన్ వైపు నుంచి అట్లా వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఆ ఖాళీలో ఏం చూడాలని అడిగితే ఎవరైనా చెప్పేవి ఎరాస్మస్ వంతెన, ఒరిగిన డబ్బాల్లా కట్టిన ఘనాకారపు ఇళ్లు, లోకప్పు నిండా పళ్లూ పూలూ పరిచిన మార్కెట్ హాలు. చూడొచ్చు, ఒక పూటకు సరిపోతాయి. 1940 మే 14న జర్మన్ విమానాలు కురిపించిన బాంబులకు ఊరి నడిబొడ్డు కాలిపోయింది కాబట్టి రోటర్‌డామ్‌లో కనిపించేదంతా దాదాపుగా కొత్తదే. పాత హాలండ్ కావాలనుకునేవాళ్లు డెల్ఫ్ట్ వెళ్లి నీలిరంగు పింగాణీ పళ్లెం ఒకటి కొనుక్కుని వస్తారు. నిజాంసాగర్ కాలువ కింద మడి ఉన్నవాళ్లకు, కనీసం ఆ కాలువ గట్టు మీద నడిచి బడికి పోయినవాళ్లకు మాత్రం నేను చెప్పేది ఒక్కటే: వంతెన పక్కన వాటర్‌బస్ ఎక్కి కిండర్‌డైక్ వెళ్లండి.

అక్కడ 19 గాలిమరలు ఉన్నాయి. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. రోజూ బస్సులు బస్సులుగా జనం దిగి, గాలిమర ముందు నిలబడి ఫోటో తీయించుకుని, జున్ను కొనుక్కుని పోతారు. ఆ గాలిమరలు పిండి విసిరేవని అనుకునేవాళ్లే వాళ్లలో ఎక్కువమంది. ఇవి ఒక్క గింజ కూడా విసరలేదు. ఇవి చేసింది మన భాషలో ఎత్తిపోతల పని. శ్రీరాంసాగర్ వెనక నీళ్లను అలీసాగర్, గుత్ప పథకాల మోటార్లు నిజాంసాగర్ చివరి ఆయకట్టుకు ఎత్తిపోస్తున్నట్టే ఇవీ 200 ఏళ్లకు పైగా నీళ్లను ఎత్తిపోశాయి. మనం పొలం తడపడానికి ఎత్తుతాం, వాళ్లు పొలం ఆరబెట్టడానికి ఎత్తారు.

ఆ అవసరం ఎట్లా వచ్చిందో తెలిస్తేనే పనితనం అర్థమవుతుంది. నిజామాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 390 మీటర్ల ఎత్తులో ఉంది. నీళ్లు మన దగ్గర నిలవవు, పారిపోతాయి. వాటిని పట్టి ఆపడమే మన ఇంజనీర్ల తిప్పలు. అందుకే నవాబ్ అలీ నవాజ్ జంగ్ 1923లో మంజీర మీద కట్ట మొదలుపెట్టి 1931కల్లా నిజాంసాగర్ పూర్తి చేయించాడు. రోటర్‌డామ్ చుట్టుపక్కల సంగతి వేరు. నదీముఖాల దగ్గర కుళ్లిన గడ్డీగాదంతో ఏర్పడిన మెత్తటి నేల అది. సాగు కోసం మధ్యయుగాల్లో అక్కడి రైతులు కాలువలు తవ్వి నీళ్లు వదిలించారు. నీరు పోయేసరికి నేల ఎండి కుంగింది. కుంగితే మళ్లీ నీరు చేరింది, మళ్లీ తోడారు, మళ్లీ కుంగింది. చివరికి పొలాలు కిందికీ నది పైకీ అయ్యాయి. రోటర్‌డామ్‌కు దగ్గర్లోనే సముద్ర మట్టానికి 6 మీటర్లకు పైగా దిగువన ఉన్న నేల ఉంది. అక్కడ ఆవులు మేస్తుంటాయి, దూరాన గట్టు మీద, వాటి వీపులకంటే ఎత్తులో, పడవ పోతూ కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు కంటికి నమ్మకం కుదరదు.

కిండర్‌డైక్‌లో ముఖ్యంగా రెండు వరసలుంటాయి. ఒక వరసలో 8 గుండ్రటి ఇటుక మరలు, 1738లో కట్టినవి. ఎదురుగా కాలువ అవతల 8 పలకల మరలు, రెల్లు కప్పినవి, 1740 నాటివి. అక్కడి నీళ్ల బాగోగులు చూసే రెండు వేర్వేరు నీటి బోర్డులు ఒకదాని తర్వాత ఒకటి కట్టించుకున్నాయి. అదే పని, అదే గాలి, అదే కాలువ, అయినా ఒక వడ్రంగి ఇటుకను నమ్మితే ఇంకొకరు తేలిక చూసుకున్నారు. మెత్తటి నేల మీద బరువు దిగబడుతుందన్న భయం రెల్లు గోడల వెనక ఉందని చూడగానే తోస్తుంది. నాకు రెల్లువే అందంగా కనిపించాయి. గోడ మీద గడ్డిని అంత మందంగా, అంత నున్నగా, వాన చుక్క లోపలికి ఇంకకుండా కట్టడం అంటే మాటలు కాదు.

రెక్కలు కొస నుంచి కొసకు 28 మీటర్ల దాకా ఉంటాయి. తిరిగేటప్పుడు కింది కొస నేలకు దాదాపు మోకాలి ఎత్తులో దూసుకుపోతుంది. కాబట్టి మరకు ఎదురెదురుగా రెండు తలుపులు పెట్టారు. గాలి ఏ దిక్కున ఉన్నా ఒక తలుపు రెక్కల దారికి దూరంగా ఉంటుంది. ఆ ఇళ్లలో పిల్లలు పెరిగారు మరి! రెక్క అంటే చెక్క జాలీ మాత్రమే. గాలి పట్టేది దాని మీద పరిచే గుడ్డ. మర నడిపేవాడు ఒక్కో రెక్కను కిందికి తెచ్చి, బ్రేకు వేసి, జాలీ మీదికి నిచ్చెనలా ఎక్కి, తెరచాప విప్పినట్టు గుడ్డ విప్పి తాళ్లతో బిగిస్తాడు. గాలి చిన్నదైతే పూర్తి గుడ్డ, పెద్దదైతే సగం, తుఫానైతే ఉత్త జాలీ చాలు. నడిమి దూలాలు మొదట చెక్కవి. తర్వాత కిండర్‌డైక్ ఊళ్లోనే ఉన్న పాట్ కుటుంబపు కర్మాగారం ఓడలు కట్టే పద్ధతిలో రేకులకు రివెట్లు కొట్టి ఇనుప దూలాలు చేసింది, దేశమంతటి గాలిమరలకూ అవి వెళ్లాయి. మరను ఓడతో పోల్చడం కవుల పని అనుకుంటాం. ఇక్కడ రెండూ ఒకే చేతుల మీదుగా వచ్చాయి.

గాలి దిక్కు మారితే? పైకప్పు మొత్తం, రెక్కలూ ఇరుసూ సహా, తిరుగుతుంది. కప్పు వెనక నుంచి నేలదాకా పొడవాటి దూలాల తోక దిగుతుంది. తోక చివర చక్రం ఒకటి, దానికి గొలుసు. మర చుట్టూ నేలలో గుంజలు పాతి ఉంటాయి. గొలుసును కావలసిన గుంజకు తగిలించి చక్రం మీద కాలూ చెయ్యీ వేసి తిప్పితే ఒక్క మనిషి, అదీ పెద్ద బలవంతుడేం కానక్కర్లేదు, కొన్ని టన్నుల కప్పును గాలికి ఎదురు తిప్పుతాడు. కాస్త ఆగి ఆ పని చూడండి. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా బలం వృథా కాలేదు.

రెండు మరల్లో లోపలికి వెళ్లనిస్తారు. మెట్లు కాదు, నిచ్చెనలనే అనాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది అంతస్తు చూసి ఊరుకోవడం మంచిది. పైన కప్పులో రెక్కల ఇరుసు మీద పెద్ద పళ్ల చక్రం ఉంటుంది, అంతా చెక్కే. అది నిలువు స్తంభాన్ని తిప్పుతుంది. స్తంభం నాలుగంతస్తులు దిగి కింద ఇంకో పళ్ల చక్రం ద్వారా నీటి చక్రాన్ని తిప్పుతుంది. పైనున్న పెద్ద పళ్ల చక్రం చుట్టూ చెక్క దిమ్మల పట్టీ ఉంటుంది, అదే బ్రేకు. తాడు లాగితే పట్టీ లేస్తుంది, వదిలితే తన బరువుతోనే బిగుస్తుంది. అంటే ఆపడానికి బలం అక్కర్లేదు, తిరగనివ్వడానికే మనిషి చెయ్యి కావాలి. యంత్రాలు చేసేవాళ్లు ఈ ఒక్క వరుస బాగా గుర్తుపెట్టుకోవాలి.

పళ్లు గట్టి చెక్కతో విడివిడిగా చేసి చక్రంలో బిగిస్తారు. ఒక పన్ను విరిగితే ఆ ఒక్కటే మారుస్తారు. పళ్లకు తేనెమైనం, ఇరుసు మెడకు పందికొవ్వు రాస్తారు. రెండు చక్రాల పళ్ల లెక్క ఒకదానితో ఒకటి భాగించబడకుండా చూసుకోవడం మరల వడ్రంగుల పాత అలవాటు. అట్లా ఉంటే ఒకే పన్ను ఒకే పన్నును మళ్లీ మళ్లీ కొట్టుకోదు, అరుగుదల అన్నిటి మీదా సమానంగా పడుతుంది. రాత్రింబవళ్లు చక్రం పక్కనే పడుకున్నవాళ్లకు తట్టే ఆలోచన ఇది.

మన కళ్లు నిలవాల్సింది కింద, నీటి చక్రం దగ్గర. ఇటుకలతో కట్టిన ఇరుకు కాలువలో వేలెడు సందు కూడా లేకుండా ఒదిగి తిరిగే చెక్క రెక్కల చక్రం అది. పాతకాలం మన ఊళ్లలో ఇద్దరు మనుషులు అటూ ఇటూ నిలబడి తాళ్లు పట్టుకుని గూడ వేసి కుంటలో నీళ్లు మడిలోకి చల్లేవాళ్లు చూడండి, ఆ గూడలు వరసగా ఒక చక్రానికి కట్టినట్టు ఉంటుంది. చక్రపు పలకలు నిట్టనిలువుగా ఉండవు, ఒరిగి ఉంటాయి. నీటిలో దిగేటప్పుడు చప్పుడు చేసి బలం తినకుండా, పైకొచ్చాక నీళ్లను వెనక్కి మోసుకుపోకుండా జారవిడిచే కోణం అది. ఇంత ఆర్భాటమూ నీళ్లను పైకెత్తేది దాదాపు ఒకటిన్నర మీటరు మాత్రమే. అంతకంటే ఎక్కువ కావాలంటే మర వెనక మర వరసగా కట్టుకోవాలి.

చక్రం దాటాక ఒక చెక్క తలుపు ఉంటుంది. చక్రం నీళ్లు తోస్తే ఆ తోపుకు తెరుచుకుంటుంది. గాలి పడిపోయి చక్రం ఆగగానే పైకాలువ నీళ్లు వెనక్కి రాబోతాయి, ఆ వెనక్కి వచ్చే నీళ్లే తలుపును మూసేస్తాయి. కావలి మనిషి అక్కర్లేదు, తాళం అక్కర్లేదు. తూము షట్టరు తుప్పుపట్టి కదలక, లస్కర్ కోసం రాత్రిపూట బ్యాటరీ లైటు పట్టుకుని గట్టు వెంట తిరిగిన రైతు ఎవరైనా ఆ తలుపు ముందు నుంచి అంత తొందరగా కదలలేడు.

మరలు ఎత్తిన నీళ్లు నేరుగా నదిలో పడవు. లెక్ నది అక్కడ సముద్రపు ఆటుపోట్లకు ఎక్కి దిగుతుంటుంది. కాబట్టి ఎత్తిన నీళ్లు ముందు పైకాలువలో, రెల్లు పెరిగిన విశాలమైన చెరువులాంటి దాంట్లో నిలుస్తాయి. నది మట్టం దిగినప్పుడు గట్టులోని తూములు తెరిచి వదిలేవాళ్లు. నిజాంసాగర్ ప్రధాన కాలువ నీళ్లకు అలీసాగర్ మధ్యలో మజిలీ అయినట్టే ఇదీ మజిలీయే. అలీసాగర్‌కు ఆదివారం పూట వెళ్లి తోటలో కూర్చుని పల్లీలు తిన్నవాళ్లకు ఈ పైకాలువ ఎందుకుందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మర ఆగి ఉన్నప్పుడు రెక్కలు నిలిచిన తీరును బట్టి ఊరివాళ్లకు కబురు తెలిసేది. నిలువూ అడ్డమూగా ఉంటే కాసేపట్లో మళ్లీ పని. ఏటవాలుగా ఉంటే చాలా రోజుల విరామం. పై రెక్క శిఖరానికి చేరబోయే ముందు ఆగితే ఇంట్లో శుభం, పెళ్లో పురుడో. శిఖరం దాటాక ఆగితే చావు.

1868లో ఆవిరి పంపులు వచ్చాయి. అయినా మరలు వాటి పక్కనే 1950 ప్రాంతం దాకా పని చేశాయి. ఇప్పుడు ఆ పని చేసేది 1972లో కట్టిన పంపింగ్ స్టేషన్. దాంట్లో తిరిగే పెద్ద పెద్ద మరచుట్లు ఆర్కిమిడీస్ పేరుమీద వచ్చినవే. అట్లాంటప్పుడు పాత మరలను ఎందుకు తిప్పుతున్నారు? తిప్పకపోతే చెక్క చెడుతుంది, పురుగు పడుతుంది, ఇరుసు ఒకవైపే కుంగుతుంది. చాలా మరల్లో ఇప్పటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి. దేశవ్యాప్తంగా జీతం లేకుండా మరలు తిప్పడం నేర్చుకునేవాళ్ల సంఘం 1972 నుంచి ఉంది. 2017లో యునెస్కో మర నడిపే విద్యకూ గుర్తింపునిచ్చింది. కట్టడానికి ఒకటి, చేతి పనికి ఇంకొకటి, రెండు గుర్తింపులు.

బోధన్ మనిషికి ఇక్కడ కాస్త కడుపు మండుతుంది, నాకూ మండింది. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నాం, దాని పేరుతో శక్కర్‌నగర్ వెలిసింది, నిజాంసాగర్ నీళ్లు చెరకై దాని గేటు ముందు బండ్ల బారులయ్యాయి. 2015 డిసెంబరులో అది మూతపడింది. సారంగాపూర్ సహకార ఫ్యాక్టరీ అంతకుముందే ఆగింది. హాలండ్‌లో చెరకు లేదు, బీట్‌రూట్ జాతి దుంపతో చక్కెర చేస్తారు. శరత్కాలంలో మొదలై జనవరి దాకా సాగే వాళ్ల క్రషింగ్ సీజన్లో దుంపల లారీలు రోడ్ల నిండా కనిపిస్తాయి. ఆ ఫ్యాక్టరీలు నడిపే కోసున్ అనే సంస్థ దుంప పండించే రైతుల సహకార సంఘమే. ఇట్లాగే కలిసి నడుపుకునే నీటి బోర్డులకు వాళ్లు 13వ శతాబ్దం నుంచీ అలవాటు పడ్డారు, ఇప్పటికీ వాటికి ఎన్నికలు జరుగుతాయి, పన్ను కడతారు. మనమూ 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టుకున్నాం. ఆ సంగతి ఎత్తితే వ్యాసం ఇంకెటో పోతుంది.

తిరుగు వాటర్‌బస్ దిగి ఓడ ఎక్కాక ఇంకొకటి మిగిలి ఉంటుంది. విల్హెల్మీనా పియర్ నుంచి కదిలిన ఓడ నది వెంబడి పోయి సముద్రం చేరేలోగా, హుక్ ఆఫ్ హాలండ్ ఊరికి ముందు, రెండు ఒడ్లనా తెల్లటి ఇనుప జాలీలు పడుకుని కనిపిస్తాయి. అదే మాస్‌లాంట్ తుఫాను గేటు. 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున సముద్రం గట్లు తెంచుకుని వచ్చి 1,836 మంది డచ్చివాళ్లను పొట్టన పెట్టుకున్న తర్వాత మొదలైన కట్టడాల వరసలో చివరిది, 1997లో పూర్తయింది. ఒక్కో తలుపు 210 మీటర్ల పొడవు, 22 మీటర్ల ఎత్తు. ఒక్కో తలుపును మోసే కీలు 10 మీటర్ల అడ్డుకొలత, 680 టన్నుల బరువున్న ఇనుప గుండు. సముద్రం 3 మీటర్లకు పైగా ఎగుస్తుందని లెక్క తేలితే మనిషి చెయ్యి పెట్టకుండా కంప్యూటరే మూసేస్తుంది. తలుపులు ముందు తేలుతూ నదిలోకి వస్తాయి, తర్వాత కడుపులో నీళ్లు నింపుకుని అడుగుకు దిగుతాయి. 2023 డిసెంబరు 21న తుఫానుకు అట్లాగే తమంతట తాము మూసుకున్నాయి. కిండర్‌డైక్ చెక్క తలుపు నీటి బరువుతో మూసుకున్నట్టే ఇవీ నీటి బరువుతోనే దిగుతాయి. ఓడ బయల్దేరాక కేబిన్‌లో పెట్టెలు సర్దుకుంటూ కూర్చోకండి. సర్దడం రాత్రికి చేసుకోవచ్చు, ఈ గేటు మాత్రం కొద్ది నిమిషాల్లో దాటిపోతుంది.