కీక్యాడ్: గుణదోష విచారణ

రేడియోను గాని, ఇన్వర్టరును గాని, పాడైన ఎల్.ఇ.డి. బల్బును గాని విప్పి చూచినచో లోపల ఒక చిన్న పలక కనబడును. దానిపై సన్నని రాగి దారులును, ఆ దారుల కొనలయందు టంకముతో అతుకబడిన భాగములును ఉండును. దీనిని ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు అందురు, క్లుప్తముగా పి.సి.బి. అని వ్యవహరింతురు. పూర్వము రేడియోలలో ఒక భాగమునుండి మరియొక భాగమునకు తీగను చేతితో కలిపెడివారు. వియన్నాలో పుట్టి లండనులో పనిచేసిన పాల్ ఐస్లర్ అను ఇంజనీరు, రాగిరేకు అంటించిన పలకపై దారుల బొమ్మను అచ్చువేసి, మిగిలిన రాగిని రసాయనములతో తొలగించు పద్ధతిని రూపొందించి, 1943లో పేటెంటుకు దరఖాస్తు చేసెను. నేటి పలకలలో చాలభాగము ఆ పద్ధతి సంతతియే.

ఆ దారుల బొమ్మను సిద్ధపరచుటయే పలక రచన. చాలకాలము దీనిని పారదర్శకమైన షీటుపై నల్లని టేపు అంటించి, నిజ పరిమాణమునకు రెండింతలుగనో నాలుగింతలుగనో తయారుచేసి, ఫోటో తీసి కుదించెడివారు. కంప్యూటర్లు వచ్చిన పిదప ఆ పని తెరపైకి మారినది. అందులకు తగిన సాఫ్టువేరు చాలవరకు ఖరీదైనది. రుసుము లేకుండ ఎవరైనను తీసికొని, వాడి, మార్చి, ఇతరులకు పంచిపెట్టగల ఓపెన్ సోర్స్ సాఫ్టువేరులలో కీక్యాడ్ నేడు ముఖ్యమైనది. దీనిని పాఠశాలలకు సిఫారసు చేయువారు సామాన్యముగా "డబ్బు పెట్టనక్కరలేదు" అను ఒక్క కారణమునే చెప్పుదురు. అది దీని గుణములలో చిన్నది. దీని లోపములలో పెద్దదానిని గూర్చి చెప్పువారు అరుదు.

పుట్టుక, పెంపు

1992లో ఫ్రాన్సు దేశమందలి గ్రెనోబుల్ నగరములో, సాంకేతిక విద్య బోధించు అధ్యాపకుడైన జాఁ-పియేర్ షరాస్ కీక్యాడ్ రచనకు పూనుకొనెను. తరువాత పలు దేశముల ప్రోగ్రామర్లు చేరిరి. దీని సోర్సుకోడు జి.పి.ఎల్. అను లైసెన్సు క్రింద వెలువడుచున్నది. అనగా ఎవరైనను దానిని చదివి మార్చవచ్చును, కాని మార్చినదానిని ఇతరులకు ఇచ్చునపుడు అదే స్వేచ్ఛను వారికిని ఇవ్వవలెను.

జెనీవా నగర సమీపమున ఉన్న సెర్న్ అను కణభౌతిక పరిశోధనాలయము దీనికి తోడగుట ఒక మలుపు. ఆ సంస్థ 2011లో, ఎలక్ట్రానిక్ పరికరముల నమూనాలను అందరితో పంచుకొనుటకై ఒక ప్రత్యేక లైసెన్సును ప్రకటించెను. కాని పంచిన నమూనాను తెరచి చూచుటకు ఖరీదైన సాఫ్టువేరు కావలసివచ్చినచో ఆ పంపకమునకు అర్థమేమి? తాళము వేసిన పెట్టెను దానమిచ్చినట్లగును. ఈ చిక్కును తీర్చుటకు సెర్న్ ప్రోగ్రామర్లు 2013 నుండి కీక్యాడ్ పనిలో పాలుపంచుకొనిరి. ఒక దారిని గీయుచుండగా అడ్డువచ్చిన ఇతర దారులు తమంతట తాము ప్రక్కకు జరుగు సదుపాయము వారి కృషి ఫలితమే. 2018లో వెలువడిన ఐదవ కూర్పులో, వలయము ఎట్లు పనిచేయునో లెక్కకట్టి చూపు ఎన్‌జీస్పైస్ కూడ చేరినది. 2019లో కీక్యాడ్ లినక్స్ ఫౌండేషన్ నీడలోనికి వచ్చినది. మన దేశములో బొంబాయి ఐ.ఐ.టి. వారి ఫోసీ ప్రాజెక్టు రూపొందించిన ఈసిమ్ అను బోధనా సాధనము కూడ వలయ చిత్రణకు కీక్యాడ్‌నే ఆధారము చేసికొన్నది.

ఒక చిన్న వలయముతో పరీక్ష

సాధనమును పొగడుటకు గాని తెగడుటకు గాని ముందు దానికి ఒక పని ఇచ్చి చూడవలెను. సుమారు సెకనుకు ఒకమారు వెలిగి ఆరు ఎల్.ఇ.డి. దీపమును విద్యార్థి తయారుచేయదలచెననుకొనుడు. అందులకు 555 అను ఐ.సి. చాలును. 1971లో హాన్స్ కామెన్‌జిండ్ రూపొందించిన ఈ ఎనిమిది కాళ్ల ఐ.సి. నేటికిని ఎలక్ట్రానిక్స్ అంగళ్లలో సులభముగా దొరకును.

9 వోల్టుల సరఫరాకును 7వ కాలికిని మధ్య 10 కిలోఓముల రెసిస్టరు, 7వ కాలికిని 6వ కాలికిని మధ్య 68 కిలోఓముల రెసిస్టరు ఉండును. 2, 6 కాళ్లను కలిపి అచ్చటినుండి గ్రౌండునకు 10 మైక్రోఫారడుల కెపాసిటరును తగిలింతురు. 4, 8 కాళ్లు సరఫరాకును, 1వ కాలు గ్రౌండునకును చేరును. 3వ కాలినుండి 470 ఓముల రెసిస్టరు ద్వారా దీపమునకు విద్యుత్తు అందును. ఒక ఆవర్తనమునకు పట్టు కాలము 0.693 × (10,000 + 2 × 68,000) × 0.00001, అనగా 1.01 సెకను.

కీక్యాడ్‌లో ఈ పని మూడు మెట్లుగా సాగును. మొదట భాగముల చిహ్నములను పెట్టి గీతలతో కలిపి వలయ చిత్రమును గీయవలెను. తరువాత ప్రతి చిహ్నమునకును ఫుట్‌ప్రింటును, అనగా ఆ భాగము పలకపై కూర్చుండుటకు కావలసిన రంధ్రముల అమరికను, నిర్ణయింపవలెను. 555 కాళ్ల మధ్య దూరము 2.54 మి.మీ., రెండు వరుసల మధ్య దూరము 7.62 మి.మీ. అని అచ్చట తెలియును. పిమ్మట పలకపై భాగములను సర్ది, రాగి దారులను వేయవలెను. వలయ చిత్రములో కలపని రెండు కాళ్లను పలకపై కలుపబోయినచో కీక్యాడ్ ఒప్పుకొనదు. కలపవలసినవి మిగిలిపోయినచో వాని మధ్య సన్నని గీత చూపి గుర్తుచేయుచుండును. చేతితో గీయునపుడు జరుగు తప్పులలో సగము దీనితోనే తొలగిపోవును. ఇది నిస్సందేహముగా గొప్ప సహాయము.

తనిఖీ యొక్క హద్దులు

కీక్యాడ్‌లో రెండు తనిఖీలు కలవు. మొదటిది వలయ చిత్రమును పరిశీలించును. రెండవది పలకపై దారుల వెడల్పును, వాని మధ్య ఖాళీని, రంధ్రముల పరిమాణమును, కలపక విడిచిన కొనలను పరిశీలించును. విద్యార్థికి చిక్కు కలుగునది మొదటిదానియందు.

పై వలయమును ఏ తప్పును లేకుండ గీసి, బ్యాటరీ తీగలకై రెండు కాళ్ల కనెక్టరు పెట్టి, తనిఖీ చేయించినచో కీక్యాడ్ దోషములను చూపును. ఐ.సి.కి విద్యుత్తును తీసికొను కాళ్లు ఉన్నవి గాని, విద్యుత్తునిచ్చు కాలు ఎచ్చటను లేదని దాని అభ్యంతరము. కనెక్టరు ద్వారా బ్యాటరీ వచ్చునో, మైకు తీగ వచ్చునో దానికి తెలియదు. కావున ఆ గీతపై 'పవర్ ఫ్లాగ్' అను చిహ్నమును ఉంచి, ఇటనుండి విద్యుత్తు వచ్చునని రచయితయే చెప్పవలెను. కారణము సమంజసమే. కాని ఆ హెచ్చరికలోని మాటలు ఈ కారణమును బోధింపవు. క్రొత్తవాడు ఎవరో చెప్పగా ఆ చిహ్నమును అంటించి, దోషముల సంఖ్య సున్నయగుట చూచి తృప్తిపడును.

ఇపుడు అదే వలయములో 10 మైక్రోఫారడులకు బదులు పొరపాటున 10 నానోఫారడులు అని వ్రాసినచో ఏమగును? ఆవర్తన కాలము వేయవ వంతునకు తగ్గును. దీపము సెకనుకు దాదాపు వేయిమార్లు వెలిగి ఆరును. కంటికి ఎడతెగక వెలుగుచున్నట్లే తోచును. తనిఖీ ఒక్క దోషమును చూపదు. దీపమును తలక్రిందుగా కలిపినచో అది అసలు వెలుగదు. తనిఖీ అప్పుడును ఊరకుండును. చదునైన ముఖము మనవైపు, కాళ్లు క్రిందికి ఉండునట్లు పట్టుకొన్నచో బి.సి. 547 ట్రాన్సిస్టరు కాళ్లు ఎడమనుండి కలెక్టరు, బేస్, ఎమిటరు వరుసలో ఉండును. 2ఎన్ 3904 కాళ్లు ఎమిటరు, బేస్, కలెక్టరు వరుసలో ఉండును. ఒకదాని కొరకు గీసిన పలకపై మరియొకదానిని అటులే కూర్చినచో జరుగు అనర్థమును ఏ తనిఖీయు ముందుగా చెప్పజాలదు.

సరియైన వలయమునకు అభ్యంతరము చెప్పి, తప్పు వలయమునకు మౌనము వహించు ఈ తనిఖీని ఎట్లు అర్థము చేసికొనవలెను? "సూర్యుడు పడమట ఉదయించును" అను వాక్యములో వ్యాకరణ దోషము లేదు. తెలుగు పండితుడు దానిని దిద్దడు. భూగోళ శాస్త్రము బోధించువాడు దిద్దును. కీక్యాడ్ తనిఖీ వ్యాకరణ పండితుని వంటిది. చిత్రములోని నియమములు ఒకదానితోనొకటి పొసగునా అని మాత్రమే చూడగలదు. వలయము తలపెట్టిన పని చేయునా అని చెప్పుట దాని విధి కాదు. ఎన్‌జీస్పైస్ ఆ పనిని కొంతవరకు చేయును. కాని అందులకు ప్రతి భాగమునకును గణిత నమూనా కావలెను. గ్రంథాలయములోని చిహ్నములన్నిటితో అట్టి నమూనా రాదు. దానిని వెదకి తగిలించుట విద్యార్థికి సులభము కాదు. "దోషములు లేవు" అను మాటను "వలయము సరియైనది" అని చదువుకొను అలవాటు బాల్యములోనే పట్టుబడినచో, లెక్క వేసి చూచు అలవాటు అడుగంటును. కీక్యాడ్‌ను గూర్చిన విమర్శలో ఇది ముఖ్యమైనది. ఇది ఈ జాతి సాఫ్టువేరులన్నిటికిని వర్తించునదే యైనను, పాఠశాలలో దీనిని ప్రవేశపెట్టువారు ముందుగా ఎరుగవలసినది.

గీసినవానికే హక్కు

ఇక ముఖ్యమైన గుణము. కీక్యాడ్ తన చిత్రములను సాదా అక్షరములలో భద్రపరచును. ఒక రాగి దారి ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో, దాని వెడల్పు ఎంతయో, అది ఏ పొరపై ఉన్నదో, మామూలు నోట్‌ప్యాడులో తెరచి చదువుకొనవచ్చును. నిన్నటి చిత్రమునకును నేటి చిత్రమునకును గల భేదమును వాక్యము వాక్యముగా పోల్చవచ్చును. ఆ ఫైలు ఎట్లు వ్రాయబడునో వివరించు పత్రము కూడ అందరికి లభించును.

దీని విలువ తెలియుటకు ఈగిల్ కథ చాలును. 1988లో జర్మనీకి చెందిన క్యాడ్‌సాఫ్ట్ కంపెనీ దానిని వెలువరించెను. ఉచిత కూర్పులో పలక 100 × 80 మి.మీ. మించరాదు, రెండు పొరలు మించరాదు అను నియమములు ఉన్నను, ఎందరో విద్యార్థులు దానిపైననే ఈ విద్య నేర్చుకొనిరి. 2016లో ఆటోడెస్క్ దానిని కొన్నది. 2017లో చందా పద్ధతికి మార్చినది. 2026 జూన్ 7తో దానిని నిలిపివేయుదునని 2023లో ప్రకటించినది. వ్యాపార సంస్థ తన వస్తువును మానుకొనుటలో అక్రమమేమియు లేదు. కాని పాఠములు, నమూనాలు దానిపై సిద్ధపరచుకొన్న ఉపాధ్యాయుని శ్రమకు పూచీ ఎవరు? కీక్యాడ్ ఐదవ కూర్పు ఈగిల్ ఫైళ్లను తెరువగలుగుటవలన అందులో కొంత శ్రమ దక్కినది. రేపు కీక్యాడ్ రచయితలు అందరును పని మానుకొన్నను, సోర్సుకోడును మరియొకరు కొనసాగింపవచ్చును. చిత్రములు చదువ వీలుగనే ఉండును. ఉచితమగుటకంటె ఈ భరోసా గొప్పది.

ఈ గుణమునకు కొంత కళంకము కూడ కలదు. క్రొత్త కూర్పులో భద్రపరచిన చిత్రమును పాత కూర్పు తెరువజాలదు. ఇంటిలో ఒక కూర్పు, పాఠశాలలో ఒక కూర్పు ఉన్న విద్యార్థి దీనితో ఇబ్బందిపడును. తరగతి అంతయు ఏదో ఒక కూర్పునకు కట్టుబడియుండుట మేలు.

ఇతర లోపములు

భాగముల త్రిమితీయ నమూనాలతో కలిపి స్థాపించినచో కీక్యాడ్ కొన్ని గిగాబైట్ల స్థలమును ఆక్రమించును. పాత కంప్యూటర్లున్న పాఠశాలకు ఇది బరువు. చిహ్నములు, ఫుట్‌ప్రింట్లు వేలకొలది ఉన్నవి. ఒక మామూలు రెసిస్టరుకు తగినదానిని ఎన్నుకొనుట క్రొత్తవానికి అడవిలో దారి వెదకుట వంటిది. దారులను తానే వేయు సదుపాయము లోపల లేదు. వెలుపలి సాఫ్టువేరును తగిలించుకొనవలెను. అయితే ఇది విద్యార్థికి లాభమే. ఏ దారి ఏ దారిని దాటవలసివచ్చుచున్నదో స్వయముగా ఆలోచించినగాని పలక రచన అబ్బదు. ముందుగా నిర్ణయించిన దారి వెడల్పు పావు మిల్లీమీటరుకు మించదు. అది కర్మాగారమునకు సరిపోవును గాని, ఫెర్రిక్ క్లోరైడుతో తరగతిలో పలక చేయువారికి సరిపోదు, అచ్చట 0.8 మి.మీ. వరకు పెంచుకొనుట క్షేమము.

పాఠశాలలో దీని స్థానము

నీతి ఆయోగ్ 2016లో ఆరంభించిన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద 6వ తరగతి నుండి 12వ తరగతి వరకు గల విద్యార్థులకై టింకరింగ్ ల్యాబులు వెలసినవి. అట్టి చోట్ల కీక్యాడ్‌ను ప్రవేశపెట్టుట మంచిదే. క్రమము మాత్రము తప్పరాదు. మొదట కాగితముపై వలయమును గీసి, లెక్క వేయవలెను. తరువాత బ్రెడ్‌బోర్డుపై కూర్చి, దీపము వెలుగుట చూడవలెను. మూడవదిగా కీక్యాడ్‌లో గీయవలెను. తనిఖీ చూపిన ప్రతి దోషమునకును కారణమును నోటుపుస్తకములో వ్రాసిన పిదపనే దానిని తొలగింపవలెను. ఆపై పలక చిత్రమును నిజ పరిమాణములో కాగితముపై అచ్చు తీసి, కొనితెచ్చిన భాగములను దానిపై ఉంచి సరిచూడవలెను. ఐ.సి. కాళ్లు చుక్కలతో కలియనిచో తప్పు అచ్చటనే బయటపడును. రాగిపలక వృథా కాదు. ఈ ఐదవ మెట్టునకు అగు ఖర్చు ఒక కాగితము మాత్రమే.

ఫెర్రిక్ క్లోరైడు వాడునపుడు చేతి తొడుగులును, కంటి అద్దములును, గాలి వచ్చు గదియు అవసరము. వాడిన ద్రావణములో కరిగిన రాగి ఉండును గావున దానిని మురుగుకాలువలో పారబోయరాదు.

మొత్తముమీద కీక్యాడ్ విద్యాలయములకు తగిన సాధనము. గీసినవాని చిత్రమును గీసినవానికే ఉంచుటలో దానికి సాటి వచ్చునవి తక్కువ. వలయము సరియైనదని పూచీపడుట మాత్రము దాని పని కాదు. ఆ పూచీ ఓము నియమము తెలిసిన విద్యార్థిది, ఆ లెక్కను దిద్దు ఉపాధ్యాయునిది.