జిమ్నీ కింద దాగిన 27 సెంటీమీటర్లు

మారుతీ జిమ్నీ బ్రోషర్‌లో గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లని ఉంటుంది. ఆ అంకె విని పెదవి విరిచేవాళ్లు చాలామంది. మట్టిరోడ్డు మొహం చూడని కార్లు కూడా ఇప్పుడు 190, 200 అని చెప్పుకుంటున్నాయి. కొండలెక్కే బండి అని ఇంత పేరుపెట్టుకుని ఒక వేలెడు కూడా ఎక్కువ లేకపోతే ఎలా అని వాళ్ల అనుమానం. జవాబు కావాలంటే షోరూమ్‌లో నిలబడితే కుదరదు, బండి కింద పడుకుని చూడాలి.

గ్రౌండ్ క్లియరెన్స్ అంటే నేలకూ, బండి అడుగున వేలాడే గట్టి భాగాల్లో అన్నిటికంటే కిందిదానికీ మధ్య ఉన్న ఎడం. ఆ కింది భాగం ఏదో, ఎక్కడుందో అంకె చెప్పదు. మామూలు కార్లలో అది ఇంజిన్ కింది రేకు కావచ్చు, సైలెన్సర్ గొట్టం కావచ్చు. జిమ్నీలో ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్సే. అంటే రెండు చక్రాలనూ కలుపుతూ ఒకటే ఇనుప ఇరుసు, దాని పొట్టలో డిఫరెన్షియల్. ఆ ఉబ్బెత్తు గుండు అడుగుభాగం దగ్గర తీసిన కొలతే 210. ఛాసిస్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ అంతకంటే పైనే ఉంటాయి. ఎంత పైన అన్నది కంపెనీ అచ్చువేయదు గానీ, అచ్చువేసిన వేరే అంకెల్లోంచి రాబట్టుకోవచ్చు.

ర్యాంప్ బ్రేకోవర్ యాంగిల్ అని ఒకటుంది. గట్టు దాటేటప్పుడు ముందు చక్రాలు అవతల దిగి, వెనక చక్రాలు ఇవతలే ఉండి, గట్టు శిఖరం బండి కడుపు కిందికి వచ్చే క్షణం ఉంటుంది కదా, ఆ క్షణానికి సంబంధించిన కొలత అది. ముందు టైరునూ వెనక టైరునూ తాకుతూ రెండు గీతలు గీసి కడుపు మధ్యలో కలిపితే వచ్చే కోణం. మూడు తలుపుల జిమ్నీకి వీల్‌బేస్ 2250 మిల్లీమీటర్లు, ఈ కోణం 28 డిగ్రీలు. 2023లో మన దేశంలో అమ్మకానికొచ్చిన ఐదు తలుపుల జిమ్నీకి వీల్‌బేస్ 2590, కోణం 24 డిగ్రీలు. రెండిటికీ క్లియరెన్స్ 210యే.

ఇక్కడ హైస్కూలు త్రికోణమితి చాలు. వీల్‌బేస్‌లో సగాన్ని కోణంలో సగం టాన్‌తో గుణించి, టైరు గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఓ సెంటీమీటరు దాకా తగ్గించాలి. మూడు తలుపుల బండికి సుమారు 270 మిల్లీమీటర్లొస్తుంది. ఐదు తలుపుల బండికీ సుమారు 270యే వస్తుంది. నేను రెండుసార్లు సరిచూసుకున్నాను. డిగ్రీలను పూర్ణాంకాలకు సవరించి ఉంటారు కాబట్టి ఓ పది మిల్లీమీటర్లు అటూఇటూ కావచ్చు, కానీ 210కి మాత్రం దరిదాపుల్లో లేదు. నిజంగా కడుపంతా 210 ఎత్తులోనే ఉండి ఉంటే పొట్టి జిమ్నీకి కోణం 22 డిగ్రీలు దాటేది కాదు.

నాకు ముచ్చటేసేది ఈ పనితనమే. బండిని 340 మిల్లీమీటర్లు సాగదీసి, మధ్యలో మరో రెండు తలుపులు చేర్చి కూడా కడుపును ఆ ఎత్తులోనే నిలబెట్టారు. పోయిన నాలుగు డిగ్రీలు చక్రాల మధ్య దూరం పెరిగినందుకు కట్టిన మూల్యం, అది తప్పదు. సాగదీసిన చోట ఏ గొట్టమో, ఏ బ్రాకెట్టో కిందికి దిగి ఉంటే ఇంకా పోయేవి.

రిజిడ్ యాక్సిల్ గుణం ఇంకొకటుంది. ఎడమ చక్రం రాయెక్కితే ఇరుసు మొత్తం వాలుతుంది, నడుమ ఉన్న డిఫరెన్షియల్ గుండు కూడా దానితోపాటు లేస్తుంది. ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండిలో చక్రం ఒక్కటే పైకి ముడుచుకుంటుంది, నడుమ భాగం ఉన్నచోటే ఉండి రాయికి దగ్గరవుతుంది. బరువు సంగతీ అంతే. నలుగురు ఎక్కి, డిక్కీ నిండితే ఇండిపెండెంట్ బండి అంకె స్ప్రింగులతోపాటు కుంగిపోతుంది. జిమ్నీలో కుంగేది కడుపు. గుండు కింది 210 టైరు నొక్కుకున్నంత మేరే మారుతుంది. అంటే ఒక రకం బండికి ఖాళీగా ఉన్నప్పుడే నిజమైన అంకె, ఇంకో రకం బండికి సామాను ఎక్కించాక కూడా నిజమే.

కొలిచే పద్ధతి మీద శ్రద్ధ పెట్టినవాళ్లూ ఉన్నారు. యూరప్ నిబంధనల్లో ఆఫ్‌రోడ్ బండి అనిపించుకోవాలంటే క్లియరెన్స్ ఒక్క అంకెగా పనికిరాదు. ముందు ఇరుసు కింద 180 మిల్లీమీటర్లు, వెనక ఇరుసు కింద 180, రెండిటి మధ్య 200 ఉండాలి. గట్టు ఎక్కేటప్పుడు తగలకుండా ఉండే ముందు కోణం 25, దిగేటప్పుడు తగలకుండా ఉండే వెనక కోణం 20, ర్యాంప్ కోణం 20 డిగ్రీలు. చిన్న బండ్లకు ఈ ఆరింటిలో అయిదు నెగ్గితే చాలు, కాకపోతే నాలుగు చక్రాల డ్రైవ్, డిఫరెన్షియల్ లాక్ లాంటి షరతులు వేరే ఉన్నాయి. ఇరుసు కింది కొలతను వాళ్లు నిర్వచించిన తీరు మరీ అందంగా ఉంటుంది. ఎడమ టైరు నేలను తాకే చోటి మధ్య నుంచి కుడి టైరు నేలను తాకే చోటి మధ్యకు ఒక వృత్తచాపం గీయాలి, అది ఇరుసు కింద వేలాడే భాగాన్ని అంటుకుంటూ పోవాలి. చాపం నడినెత్తి ఎత్తే క్లియరెన్స్. ఎడ్లబండ్లూ ట్రాక్టర్లూ తిరిగిన డొంకదారిని తలుచుకోండి. రెండు పక్కలా గాళ్లు, నడుమ వంపు తిరిగిన మట్టి మిట్ట. ఆ చాపం అచ్చంగా ఆ మిట్టే. డిఫరెన్షియల్‌ను మధ్య నుంచి ఓ పక్కకు జరిపి కట్టిన బండికి ఈ లెక్కలో కాస్త పెద్ద అంకె వస్తుంది. న్యాయమే, మిట్ట శిఖరం దానికి తగలదు కదా.

జపాన్‌లో అమ్మే చిన్న జిమ్నీ సంగతీ చెప్పాలి. దాని క్లియరెన్స్ 205, అక్కడే అమ్మే జిమ్నీ సియెర్రాకు 210. అంకె చూస్తే సియెర్రాయే గొప్ప. ఏటవాలు గట్టును ఢీకొట్టకుండా ఎక్కే ముందు కోణం మాత్రం చిన్నదానికి 41 డిగ్రీలు, సియెర్రాకు 36. రెండూ ఒకే వీల్‌బేస్ బండ్లు. సియెర్రా బంపర్లు ముందుకు పొడుచుకొచ్చాయి, బండి పొడవు 3395 నుంచి 3550కి పెరిగింది, కోణం కరిగిపోయింది.

మన పన్నుల చట్టానికి ఇంత సూక్ష్మం అక్కర్లేకపోయింది. జీఎస్టీ పరిహార సెస్ ఉన్న రోజుల్లో ఎస్‌యూవీ అంటే పొడవు 4000 మిల్లీమీటర్లు, ఇంజిన్ 1500 సీసీ దాటాలి, క్లియరెన్స్ 170 ఉండాలి. ఖాళీ బండికా, బరువెక్కిన బండికా అన్న తగవు 2023 జులైలో ఖాళీ బండికే అని తేలింది. జిమ్నీ పొడవు 3985, ఇంజిన్ 1462 సీసీ. ఆ లెక్కన అది ఎస్‌యూవీయే కాదు!

కొన్నవాళ్లలో కొందరు స్ప్రింగులు మార్చి బండిని రెండంగుళాలు లేపిస్తారు. కడుపు లేస్తుంది, ర్యాంప్ కోణం పెరుగుతుంది, బండి దర్జాగా కనిపిస్తుంది. డిఫరెన్షియల్ గుండు మాత్రం ఒక్క మిల్లీమీటరు కదలదు, అది వేలాడేది ఇరుసుకు, ఇరుసు నిలబడేది టైరు మీద. 210ని పెంచాలంటే పెద్ద టైరు వేయాలి, అదీ వ్యాసంలో పెరిగినదానికి సగమే కలిసొస్తుంది. జిమ్నీకి కంపెనీ వేసిచ్చే 195/80 ఆర్15 టైరు వ్యాసం 69 సెంటీమీటర్లు. దాన్ని 74 చేస్తే ఇరుసు కింద దక్కేది రెండున్నర. ఆ పెద్ద టైరు చక్రం తిప్పినప్పుడల్లా లోపలి రేకుకు రాసుకోకుండా ఉండాలంటే స్ప్రింగులు ఎలాగూ మార్చాల్సిందే.