కార్వెట్ చక్రం చాటున తీగపిన్ను

1963 కార్వెట్ స్టింగ్ రే కూపే పేరెత్తితే చాలు, అందరూ వెనక అద్దం దగ్గరే ఆగిపోతారు. నడుమ నిలువు పట్టీతో రెండుగా చీలిన ఆ అద్దం ఆ ఒక్క ఏడాదే వచ్చింది. జనరల్ మోటార్స్ డిజైన్ అధిపతి బిల్ మిచెల్ పట్టుబట్టి పెట్టించాడు. వెనక వచ్చేది కనపడదని కార్వెట్ ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్ అడ్డం తిరిగాడు. దాన్ని పొగిడేవాళ్ళకు కొదవ లేదు. నా కన్ను మాత్రం ముందు చక్రం చాటున, వెలుగు సరిగా సోకని చోట వేలాడే నల్ల రబ్బరు షీటు మీద పడుతుంది. దాన్ని నిలబెట్టే తీగపిన్నుల మీద ఇంకా ఎక్కువగా.

కార్వెట్‌కు బాడీ ఫైబర్‌గ్లాస్, కింద ఉక్కు ఛాసిస్. చక్రంతోపాటు ఎగిరిపడే పై కంట్రోల్ ఆర్మ్‌కు చోటు కావాలి కనుక అక్కడ సందు వదిలారు. ఆ సందులోంచి వాననీళ్ళూ బురదా ఇంజను మీదికి చిమ్మకుండా ఈ షీటు అడ్డం నిలుస్తుంది. ఆర్మ్ లేచినప్పుడు అది వంగాలి, ఛాసిస్ మీద బాడీ అదిరితే ఆ అదురుకూ లొంగాలి. బోల్టుతో బిగించామా, తల కింద రబ్బరు నలుగుతుంది. లాగుడంతా ఆ అంచునే పోగుపడుతుంది. సాగి ఉన్న రబ్బరంటే గాలిలోని ఓజోన్‌కు అలుసు, సాగిన దిక్కుకు అడ్డంగా చీలికలు పెడుతుంది. సెయింట్ లూయిస్ కర్మాగారంలో చేసిన పని చాలా చిన్నది: లావుపాటి తీగను రెండు కాళ్ళ పిన్నుగా వంచి, రబ్బరునూ ఫైబర్‌గ్లాస్‌నూ కలిపి గుచ్చి, అవతల కాళ్ళు మడిచారు. విస్తరి కుట్టే పుల్లకున్న తెలివి ఇదే. ఆకును వదలదు, ఆకును నొక్కదు.

ఆ కాస్త వదులులోనే ఉంది అందమంతా. నిగనిగలాడే రంగు పక్కన రబ్బరు నలుపు వెలుగును మింగి ఊరుకుంటుంది. ఆ మౌనం మీద అక్కడొకటి అక్కడొకటి తీగ వెన్ను మాత్రం సన్నగా మెరుస్తుంది. సరిగ్గా ఒకే వరసలో ఉండవు. ఒకటి కొంచెం ఏటవాలు, ఇంకొకటి కాలు కాస్త పొడుగు. రిస్టొరేషన్ చేస్తూ వీటి బదులు స్టెయిన్‌లెస్ స్క్రూలూ వాషర్లూ సమాన దూరంలో దించి మురిసిపోయేవాళ్ళున్నారు. షీటు నిలుస్తుంది, కాదనను. రసం మాత్రం నిలవదు.

1974లో పుట్టిన నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ ఈ రుచికి ఏకంగా మార్కులు పెట్టింది. మొత్తం 4510 పాయింట్లలో 94 శాతం వస్తే టాప్ ఫ్లైట్ అవార్డు. గీటురాయి ఒక్కటే: కర్మాగారం గేటు దాటిన రోజున బండి ఎలా ఉందో అలా ఉండాలి. తక్కువైతే కోత, అంతకు మించి సింగారించినా కోతే. ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా నిలబెట్టిన క్షేమేంద్రుడు ఈ న్యాయనిర్ణేతల పక్కన కూర్చుంటే ఇబ్బందిపడడని నా నమ్మకం.

ఇక్కడే పని రసవత్తరమవుతుంది. ఆనాటి పనివాడికి వెనక మరో బండి కదిలొస్తూ ఉంది. పిన్ను గుచ్చాడు, మడిచాడు, పక్కకు జరిగాడు. అందం కోసం చేసింది కాదు. ఈనాడు రిస్టొరేషన్ చేసేవాడు ఆ తొందరను తీరిగ్గా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని అభినయించాలి. పాత పిన్నులను కటింగ్ ప్లయర్‌తో తుంచి, పాత బెజ్జాలు పెద్దవి కాకుండా మట్టి తీస్తాడు. పెట్టెలో మడతలు పడ్డ కొత్త షీటును ఎండలో పరిచి మెత్తబరుస్తాడు. దాన్ని చోట్లో ఆనించి, వెనక బెజ్జాల్లోంచి దబ్బనంతో గురుతు పెడతాడు. పిన్ను దూర్చి కాళ్ళు మడిచేటప్పుడు ప్లయర్ ఎక్కడ ఆపాలన్నదే విద్య. ఒక్క నొక్కు ఎక్కువైతే తీగ రబ్బరులోకి దిగి చుట్టూ గుంట పడుతుంది, షీటు ముఖం ముడుచుకుంటుంది. ఒక్క నొక్కు తక్కువైతే గతుకు గతుకుకూ టపటప కొట్టుకుంటుంది. ఈ రెంటికీ మధ్య, వేలితో తోస్తే వెంట్రుకవాసి కదిలే చోటుంది. అక్కడ చెయ్యి ఆపగలిగినవాడికి నా నమస్కారం. ఆ తర్వాత సిలికాన్ పాలిష్ రుద్ది షీటును తళతళలాడించేవాడికి ఏం పెట్టాలో మర్యాదగా చెప్పలేను.

చక్రం ఎక్కించాక ఇదంతా కనుమరుగు. చూడాలంటే స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పించి, టార్చితో తల లోపలికి దూర్చాలి. దూర్చినప్పుడు ముందు ఆర్మ్ పైన ఉన్న పిన్నులు చూడండి. షీటు అన్నిచోట్లకంటే ఎక్కువ వంగేది అక్కడే. చేతినేర్పు ఉన్నవాడి పనీ, లేనివాడి పనీ మొదట విడిపోయేదీ అక్కడే.