రాతి అచ్చు ఎవరి పక్షం?

ఏ రెండూ ఒక్కలా ఉండకపోవడమే చేతిపనికి విలువ తెస్తుందని ఈ కాలమ్ పలుమార్లు వాదించింది; మధ్యయుగపు ఐరోపా పద్ధతిలో బలపం రాతి అచ్చులు చెక్కి ప్యూటర్ పోస్తున్న నేటి ఔత్సాహికుల పనిలో ఈ వారం కంటబడిన నమూనాలు, ఆ వాదానికి బలం చేకూర్చేవిగానే మొదట తోస్తాయి.

ప్యూటర్ అంటే తగరం ప్రధానంగా గల మిశ్రమలోహం; మేలురకంలో కొద్దిగా రాగినీ, చౌకరకంలో సీసాన్నీ కలిపేవారు. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కనుక మామూలు పొయ్యి సరిపోతుంది. బలపం రాయి గోటికి సైతం గీత పడేంత మెత్తన, పైగా వేడికి తట్టుకుంటుంది. అయితే చెక్కడం సులువైనంత మాత్రాన పోత సులువు కాదు. రాతిలో తడి మిగిలితే లోహం చిమ్ముతుంది, రాయి చల్లగా ఉంటే సన్నని గీతల్లోకి చేరకముందే గడ్డకడుతుంది. అందుకే రాతిని నెమ్మదిగా వేడిచేసి, చెక్కిన చోట దీపపు మసి పట్టించి, గుంట నుంచి అంచు దాకా వెంట్రుకమందపు గీతలు గీస్తారు. గాలి వాటి గుండా పోతుంది, లోహం మాత్రం దూరలేక ఆగిపోతుంది.

ఇంత ఓపిక ఒక్క బిళ్ళ కోసం ఎవరూ పట్టరు. 1170లో కాంటర్‌బరీ చర్చిలో హత్యకు గురైన థామస్ బెకెట్‌ను 1173లో పునీతుడిగా ప్రకటించాక, అక్కడికి వచ్చిన యాత్రికులు కొనుక్కున్న, ఇలా అచ్చుల్లో పోసిన చౌక బిళ్ళలు నేటికీ లండన్‌లో థేమ్స్ బురదలో దొరుకుతుంటాయి. డెన్మార్క్‌లోని ట్రెండ్‌గార్డెన్‌లో దొరికిన పదో శతాబ్దపు బలపం రాతి అచ్చు మరీ చిత్రమైనది: ఒకే రాతిపై శిలువలూ, థోర్ దేవుడి సుత్తీ పక్కపక్కనే చెక్కి ఉన్నాయి, అంటే ఆ పోతగాడు ఏ మతస్థుడి బేరాన్నీ వదులుకోలేదు. ఎందరు అడిగినా ఒకే రూపాన్ని మళ్ళీ మళ్ళీ పోసివ్వడమే అచ్చు చేసే పని కనుక, ఈ కాలమ్ దాన్ని తన పక్షపు సాక్షిగా పిలవడం చెల్లదు.

యాత్రికుల గిరాకీని నమ్ముకున్నవారిలో గూటెన్‌బర్గ్ కూడా ఒకడు. స్ట్రాస్‌బర్గ్‌లో భాగస్వాములతో కలిసి ఆహెన్ యాత్ర కోసం లోహపు అద్దాల తయారీకి పూనుకుంటే, ఆ యాత్ర కాస్తా 1440కి వాయిదా పడింది. ఒకే రూపాన్ని మళ్ళీ మళ్ళీ పోసే ఆ పనినే తర్వాత అక్షరాలకు మళ్ళించి, సీసం, తగరం కలిపి పోసిన అక్షరాలతోనే ఆయన 1455 నాటికి మెయింజ్‌లో బైబిల్ ముద్రణ పూర్తిచేశాడు.